కసాయి కత్తి డైరీ: ఒక్క రాత్రి నిమ్మ ఉప్పులో

పాత కసాయి కత్తి ఒకటి బాగుచేస్తూ రాసుకున్న లెక్కలివి. చేసిన తప్పుల్లో ఒకటి పెద్దది, దాని మూలంగా తర్వాత రెండు పనులు అదనంగా పడ్డాయి. తొందరగా చదవాలనుకునేవాళ్లు దశ 2, దశ 5 చూస్తే చాలు.

దశ 1: ముట్టుకోకముందు కొలతలు

కత్తి చేతికొచ్చిన రోజు చేసిన మంచి పని ఇదొక్కటే: తుడవకుండా కొలిచాను.

- బ్లేడు పొడవు: 241 మి.మీ.
- మడమ (పిడి పక్కన వాదర మొదలయ్యే మూల) దగ్గర వెడల్పు: 41 మి.మీ.
- మధ్యలో వెడల్పు: 38 మి.మీ.
- వీపు మందం: మడమ దగ్గర 3.1, మధ్యలో 2.2, మొన దగ్గర 1.1 మి.మీ.
- పిడితో కలిపి బరువు: 254 గ్రా.

పిడి రెండు పక్కచెక్కలు, ఐదు సన్న ఇత్తడి పిన్నులు. చెక్క బీచ్ (యూరప్‌లో పెరిగే ఒక చెట్టు). బీచ్ మీద సన్నటి గోధుమరంగు చుక్కలు, గీతలు చల్లినట్టుంటాయి, పోల్చుకోవడం తేలిక. మడమ ముందు వాదర లోపలికి తిరిగి ఉంది. అంటే ఏళ్ల తరబడి పదునుకడ్డీ మీద లాగారు, కానీ కడ్డీ మడమ దాకా ఎప్పుడూ చేరలేదు. వీపు మీద సుత్తి దెబ్బలు. ఎముక మీద పెట్టి కొట్టినట్టున్నారు.

ఎడమవైపు తుప్పు కింద ముద్ర ఉంది. కనిపించింది ఇంతే: కింది వరసలో షెఫీల్డ్ (కత్తులకి పేరున్న ఇంగ్లండ్ ఊరు), పై వరసలో ఎల్, ఎస్, ఓ, ఎన్ అనే నాలుగక్షరాలు, పక్కన డైమండ్ లాంటి చిన్న ఆకారం. నెల్సనో విల్సనో తేలలేదు. ఫోటో ఒకటి తీశాను, అదీ ఎదురు వెలుతురులో. ఆ ఫోటో ఇంకో నాలుగు తీసి ఉండాల్సింది.

ఇప్పటిదాకా: 1 గంట. బరువు 254 గ్రా.

దశ 2: తుప్పు, నిమ్మ ఉప్పు, నా నిద్ర

తుప్పు రెండు రకాలు. ఎర్రగా పొడిపొడిగా రాలేది, దాని కింద నల్లగా గట్టిగా అతుక్కున్నది. ఎర్రది తీసేయాలి. నల్లది ఉక్కుకి కొంత కాపలా కాస్తుంది, దాన్ని పూర్తిగా తీసి తీరాలనేం లేదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అయినా ముద్ర చదవాలన్న ఆత్రం.

1. లీటరు నీళ్లకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), అంటే 5 శాతం. పొడవాటి జాడీలో 2.2 లీటర్లు పట్టింది, 110 గ్రాములు కలిపాను.
2. కత్తిని మొన కిందికి పెట్టి నిలబెట్టాను. నీటి మట్టం పిడికి 10 మి.మీ. కింద.
3. అనుకున్నది: 20 నిమిషాలకోసారి తీసి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, చూసి, మళ్లీ ముంచడం.
4. జరిగింది: రెండుసార్లు తీసి చూశాను. బాగానే వస్తోంది కదా అని వదిలేసి పడుకున్నాను. మొత్తం 14 గంటలు.

పొద్దున జాడీలో నురుగు, బుడగలు. ఆమ్లం తుప్పుని తినేశాక ఊరుకోదు, ఉక్కు మీద పడుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్. బ్లేడంతా మసి పూసినట్టు ముదురు బూడిదరంగు పొర, వేలితో రాస్తే నల్లగా అంటుకుంది. అది ఇనుము కరిగిపోగా మిగిలిన కార్బన్. కడిగి చూస్తే తుప్పు నిజంగానే లేదు. ముద్ర కూడా సగం లేదు. అక్షరాల అంచులు నీళ్లలో నానిన సబ్బు మీది అక్షరాల్లా గుండ్రంగా అరిగాయి. పై వరసలో ముందు రోజు చదివిన ఎల్ ఇప్పుడు ఒట్టి నిలువు గీత.

తర్వాత చేసినవి: చాకలి సోడా నీళ్లలో ఐదు నిమిషాలు, మరిగే నీళ్లు పోసి కడగడం, వెంటనే బట్టతో తుడిచి నూనె. మరిగే నీళ్లు ఎందుకంటే బ్లేడు వేడెక్కి తడి తనంతట తానే ఆరుతుంది. చల్లనీళ్లతో కడిగి పక్కన పెడితే పది నిమిషాల్లో నారింజరంగు తేలుతుంది. గట్టిపరిచిన ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే పెళుసుబారే ప్రమాదం ఉంది కాబట్టి వారం రోజులు దాన్ని వంచలేదు, కొట్టలేదు.

మళ్లీ చేస్తే ముద్ర ఉన్నచోట ఆమ్లం తగలనివ్వను. ఆ కాస్త చోటికి నూనె పూసి, ఒక రోజు నాననిచ్చి, వెదురు పుల్లతో గీకితే చాలు. మిగతా బ్లేడుకి అదే ఆమ్లం, కానీ పక్కన అలారం పెట్టుకుని.

ఇప్పటిదాకా: 2.5 గంటలు (నానిన సమయం కాక). బరువు 248 గ్రా. పోయిన 6 గ్రాముల్లో తుప్పెంతో ఉక్కెంతో విడదీయలేను.

దశ 3: మిగిలిన ముద్రని చదవడం

అరిగిన ముద్రని నేరుగా వెలుతురు వేసి చూస్తే ఏమీ కనపడదు. గది చీకటి చేసి, టార్చిని బ్లేడు మీద దాదాపు పడుకోబెట్టి, పక్క నుంచి వేయాలి. అక్షరాల గుంటల్లో నీడ నిలుస్తుంది. టార్చి ఒక్కోవైపు నుంచి వేస్తే ఒక్కో గీత తేలుతుంది. అడ్డగీతలు పైనుంచి వేస్తే, నిలువుగీతలు పక్కనుంచి వేస్తే. ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌తో రుద్దడం కూడా చేశాను. దానితో వచ్చిన కొత్త అక్షరం ఒక్కటే, కానీ అదే కీలకం: ఎల్ ముందు ఐ. నెల్సన్ కొట్టుకుపోయింది.

చివరికి తేలినవి, పై నుంచి కిందికి: అరిగిన వరస ఒకటి, అందులో చివర స్టీల్, దాని ముందు ఏ, ఆర్. తర్వాత విల్సన్. తర్వాత చివర స్ట్రీట్ అని తెలిసే ముక్క. తర్వాత షెఫీల్డ్. అట్టడుగున, తుప్పులో నాకు అసలు కనపడని ఇంగ్లండ్. పక్కన డైమండ్, దాని చుట్టూ రెండు చుక్కలు.

చుక్కలు చూశాక పని సులువైంది. ఆ చుక్కలు మిరియాలు, నాలుగుండాల్సినవి నాకు రెండే కనపడ్డాయి. నాలుగు మిరియాలు, ఒక డైమండ్: ఇది షెఫీల్డ్‌లోని విల్సన్ కత్తుల గుర్తు. వాళ్ల కసాయి కత్తుల మీద ఐ. విల్సన్, సైకమోర్ స్ట్రీట్ అని ఉంటుంది. ఐ ఏమిటని మొదట తికమకపడ్డాను. అది జాన్‌లోని జె. పాత లాటిన్ లిపిలో ఐ, జె వేరువేరు అక్షరాలు కావు, ముద్ర చెక్కేవాళ్లు ఆ అలవాటే కొనసాగించారు. షెఫీల్డ్ చుట్టుపక్కల కత్తుల పనివాళ్ల సంఘం 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది, ఎవరి గుర్తు వారిదని నమోదు చేసేది. చదువు రానివాడు కూడా మిరియాలు లెక్కపెట్టి సరుకు గుర్తుపట్టగలడు. నేనూ చివరికి అలాగే గుర్తుపట్టాను.

కాలం సంగతి. ఇంగ్లండ్ అన్న మాట ఉండటం ఉపయోగపడింది. 1890లో అమెరికా చేసిన మెకిన్లీ టారిఫ్ చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి ఆ దేశంలోకి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలి. ఊరి పేరుతో సరిపెట్టుకున్న షెఫీల్డ్‌వాళ్లు దేశం పేరు కూడా కొట్టడం మామూలైంది ఆ తర్వాతే. కాబట్టి చాలావరకు 1891 తర్వాతిది. కిరీటంతో విక్టోరియా రాణి అక్షరాలు ఉంటే 1901 లోపు అని ఇంకాస్త బిగించేవాణ్ని, లేవు. ఉక్కు తుప్పు పట్టేది కాబట్టి స్టెయిన్‌లెస్ కాదు. కానీ 1913లో అదే షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కు కనిపెట్టాక కూడా కసాయి కత్తులు మామూలు కార్బన్ ఉక్కుతో వస్తూనే ఉన్నాయి. అందుకని పై హద్దు గీయలేదు. డైరీలో 1891 తర్వాత అని మాత్రమే రాశాను. అమ్మకానికి పెట్టేవాళ్లు ఇలాంటివాటికి 150 ఏళ్లని రాసేస్తుంటారు. ముద్రలో దేశం పేరుంటే ఆ అంకెని నమ్మకండి.

స్టీల్ ముందున్న ఏ, ఆర్ మీద ఇంకో అరగంట పోయింది. అది షియర్ స్టీల్. షియర్ అంటే కత్తెర. ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే పెద్ద కత్తెరలకి వాడేవారు కాబట్టి ఆ పేరు. ఇనుప కడ్డీలని బొగ్గుపొడిలో పేర్చి రోజుల తరబడి కాలుస్తారు, కార్బన్ పైనుంచి లోపలికి ఇంకుతుంది. ఆ కడ్డీలని కట్టగట్టి, కాల్చి, సుత్తి కింద ఒకటిగా అతికి సాగదీస్తే షియర్ స్టీల్. ఇక్కడెక్కడా లోహాన్ని కరిగించలేదు. ఈ మాట తర్వాతి దశలో పనికొస్తుంది.

ఇప్పటిదాకా: 4.5 గంటలు.

దశ 4: రుద్దడం, చీలిక భయం

ముద్ర చుట్టూ 15 మి.మీ. వదిలి మూడు పొరల టేపు అంటించాను. మిగతాదంతా చెక్కముక్కకి చుట్టిన ఎమెరీ కాగితం, నూనె, మడమ నుంచి మొనకి ఒకే దిశ.

కాగితం నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మొదటిసారి 120తో మొదలుపెట్టి 400కి దూకాను. గంటన్నర రుద్దినా 120 గీతలు పోలేదు, మెరుస్తూ ఇంకా బాగా కనపడ్డాయి. వెనక్కెళ్లి 180, 240, 400, 600 వరసగా చేశాను. ఒక్కో నంబరుకి దిశ కాస్త ఏటవాలుగా మార్చితే ముందు నంబరు గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. 180 నాలుగు కాగితాలు, 240 మూడు, 400 మూడు, 600 రెండు. మొత్తం 12. 120 కాగితం లెక్కలో వేయలేదు, సిగ్గేసి.

తుప్పు గుంటల్లో లోతైనది 0.3 మి.మీ. దాన్ని మాయం చేయాలంటే బ్లేడంతా రెండువైపులా అంత మందం తీయాలి. మధ్యలో ఉన్నదే 2.2. గుంటలు అలాగే ఉంచాను.

600 దగ్గర కుడివైపు మధ్యలో పొడుగ్గా ఒక సన్న నల్లగీత బయటపడింది, 31 మి.మీ. పక్కనే ఇంకో చిన్నది. చీలికే అనుకుని పని ఆపేశాను. చీలిక ఉన్న కత్తిని బాగుచేయడం దండగ, అది వాడేవాడి చేతికి ప్రమాదం. నిర్ధారణకి చేసినవి:

1. కత్తిని దారంతో వేలాడదీసి చెక్కతో తట్టాను. ఖంగుమని మోగి, మోత నిలిచింది. చీలిన ఉక్కయితే మోత బొంగురుగా వచ్చి వెంటనే చస్తుంది.
2. గీత మీద మార్కర్ సిరా పూసి, ఆరాక స్పిరిట్‌తో తుడిచాను. చీలికయితే సిరా లోపల పట్టుకుంటుంది. పూర్తిగా పోయింది.
3. పది రెట్ల భూతద్దంలో చూస్తూ 600తో ఇరవైసార్లు రుద్దాను. గీత ఒక కొస కాస్త పొట్టయింది.

వాదర వైపు పోవట్లేదు, బ్లేడు పొడవునా సాగి ఉంది. ఇది చీలిక కాదు, చిట్టెం, అంటే ఇనుములో మిగిలిపోయిన మలినం. కరిగించని ఇనుములో చిట్టెం పోగులు మిగిలిపోతాయి, సుత్తి కింద సాగి దారాల్లా అవుతాయి. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ ఉక్కుని మూసలో పూర్తిగా కరిగించే పద్ధతి తెచ్చాక అందులో చిట్టెం పైకి తేలిపోయేది, ఇలాంటి గీతలు ఉండవు. అంటే నా కత్తి మీది ముద్ర చెప్పిందీ, లోపలి ఉక్కు చెప్పేదీ పొసుగుతున్నాయి. ఊరికే ముద్ర కొట్టి ఉండొచ్చన్న అనుమానం అప్పటిదాకా ఉండేది. ఆమ్లంతో పాడుచేసుకున్న సాక్ష్యంలో కొంత ఈ గీత తిరిగిచ్చింది.

ఇప్పటిదాకా: 11.5 గంటలు, 12 కాగితాలు. బరువు 241 గ్రా.

దశ 5: పిడి (విప్పాలనుకోలేదు)

పక్కచెక్కలు గట్టిగానే ఉన్నాయి, వాటి జోలికి పోకూడదన్నది మొదటి నిర్ణయం. రుద్దడం అయిన నాలుగోరోజు పిడికీ బ్లేడుకీ మధ్య సందులోంచి నారింజరంగు నీరు కారింది. జాడీలో పిడి మునగలేదు నిజమే, కానీ 14 గంటల్లో తడి సందు పట్టుకుని పైకి పాకింది. సోడా నీళ్లు అక్కడిదాకా పోలేదు. లోపల ఆమ్లం తన పని తాను చేసుకుపోతోంది.

పిడి లోపలికి పోయే ఉక్కుని టాంగ్ అంటారు. ఇక్కడ అది పిడి చివరిదాకా ఉంది. విప్పిన తీరు:

1. పిన్ను తల మధ్యలో సూదిమొన ఉలితో చుక్క పెట్టి, 3 మి.మీ. బిట్టుతో తలని మాత్రమే తొలవడం.
2. కింద చెక్కదిమ్మెకి రంధ్రం చేసి, ఆ రంధ్రం మీద పిన్ను వచ్చేలా పెట్టి, మొద్దు మొలతో వెనక్కి కొట్టడం.
3. మూడో పిన్నుకి దిమ్మె జరపడం మర్చిపోవడం.

మూడోది చేయకండి. కింద ఖాళీ లేక పిన్ను పక్కకి ఒరిగి, ఎడమ పక్కచెక్క రేఖ వెంబడి 62 మి.మీ. పొడవునా చీలింది.

టాంగ్ మీద తుప్పు పొరలు పొరలుగా వచ్చింది. గీకి, సోడా నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టాను. చెక్కల లోపలివైపు కూడా సోడా నీళ్ల గుడ్డతో తుడిచి మూడు రోజులు నీడలో ఉంచాను. చీలికలోకి నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పంపించి, క్లాంపు బిగించి 24 గంటలు వదిలేశాను.

కొత్త పిన్నులు: 3.2 మి.మీ. ఇత్తడి కడ్డీ. చెక్కలూ టాంగూ కలిపి మందం 19 మి.మీ. తల చితకడానికి ఒక్కోవైపు పిన్ను మందంలో సగం, అంటే 1.6 వదలాలి. 22.2 మి.మీ. చొప్పున ఐదు ముక్కలు.

మొదటి పిన్ను కొట్టగానే అతికిన చీలిక మళ్లీ విచ్చుకుంది. కారణం: సుత్తి దెబ్బకి పిన్ను తలే కాదు, నడుమూ ఉబ్బుతుంది. రంధ్రం బిగువుగా ఉంటే ఆ ఉబ్బు చెక్కని చీలుస్తుంది. పాతవాళ్లు చేసిన రంధ్రమే కదా అని కొలవలేదు. ఎపాక్సీ కారి అది ఇంకా సన్నబడింది.

మార్చినవి:

1. మళ్లీ అతికి, మళ్లీ 24 గంటలు.
2. చెక్కలో రంధ్రాలన్నీ 3.4 మి.మీ.కి పెంచాను. టాంగ్ రంధ్రాలు ముట్టుకోలేదు.
3. రంధ్రం మూతి మాత్రం కాస్త గిన్నెలా విప్పాను, తల అందులో కూర్చుంటుంది.
4. చిన్న గుండుతల సుత్తి, ఒక్కోవైపు పది పన్నెండు తేలిక దెబ్బలు, తిప్పి ఇంకోవైపు. ఒక్కో పిన్నుకి పది నిమిషాలు పట్టింది.
5. టాంగ్‌కీ చెక్కకీ మధ్య పల్చగా ఎపాక్సీ. అసలు కత్తిలో ఇది లేదు. పాతదనం పోయిందనేవాళ్లు అనొచ్చు, సందులోకి నీరు మళ్లీ పోకూడదని నాకు ముఖ్యం.

చెక్కకి ఉడికించిన అవిసె నూనె మూడు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. నేను నీళ్ల డబ్బాలో ముంచి ఉంచాను.

ఇప్పటిదాకా: 18 గంటలు. బరువు 240 గ్రా.

దశ 6: వాదర

వాదరకి ఇనుప స్కేలు ఆనించి వెలుతురుకి పెడితే, మడమకి 35 మి.మీ. ముందు 1.3 మి.మీ. సందు. ఇలా ఉంటే కోతపలక మీద ఆ భాగం ఆనదు, నరం తెగకుండా మిగులుతుంది. వాదర మొత్తాన్ని దించడం ఒక దారి. నేను మడమ మూల ఒక్కదాన్నే దించాను, వెడల్పు పోయేది అక్కడే.

ఆకురాయి జారిపోయింది. ఉక్కు ఇంకా గట్టిగా ఉందని సంతోషించి, బెంచి గ్రైండర్ ముందుకెళ్లాను. మడమ బాగానే వచ్చింది. ఆ ఊపులో మొన దగ్గర చిన్న గాటు కూడా తీసేద్దామని రెండు సెకన్లు ఆనించాను. మొన నీలం తిరిగింది.

లేత గడ్డిరంగు అంటే సుమారు 205 నుంచి 220 డిగ్రీలు, అక్కడిదాకా ఫర్వాలేదు. నీలం అంటే 300 దరిదాపు. అక్కడ గట్టిదనం దిగిపోతుంది. ఆకురాయి పెట్టి చూస్తే నీలం ఉన్నచోట కరిచింది, పక్కన జారింది. మళ్లీ గట్టిపరచాలంటే కత్తంతా కొలిమిలో పెట్టాలి. కాబట్టి నీలం భాగం వరకు, 5 మి.మీ., రాయి మీద చేత్తో అరగదీసేశాను. మొన సన్నం, అక్కడ వేడి పోవడానికి చోటుండదు కదా. సన్నటి చోటికి గ్రైండర్ వద్దు, అంతే. మిగతాచోట్ల ఒట్టి వేలితో పట్టుకుని, వేలికి చుర్రుమనగానే నీళ్లలో ముంచడం పద్ధతి.

పదును కోణం ఒక్కోవైపు 20 డిగ్రీలు. కళ్లతో అంచనా వేయలేను కాబట్టి లెక్క: వెడల్పు 38 మి.మీ. అయితే వీపు రాయి మీద నుంచి 13 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు చెక్కముక్క ఒకటి పక్కన పెట్టుకుని చూసుకుంటూ లాగాను. పదును అంచుకి మార్కర్ పూస్తే రాయి ఎక్కడ తగిలిందో ఎక్కడ తగల్లేదో తెలుస్తుంది. 400 రాయి మీద అంచు అవతలికి వేలికి గరుకుగా తగిలే సన్నటి ఉక్కు రేకు తిరిగేదాకా, మడమ నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా. తర్వాత 1000, 3000, చివర తోలు మీద నాలుగు లాగులు.

ఇప్పటిదాకా: 22.5 గంటలు. పొడవు 236 మి.మీ., మడమ వెడల్పు 39.6. బరువు 238 గ్రా. మొదటినుంచి పోయింది 16 గ్రా.

దశ 7: రెండు వారాల తర్వాత

ఆహారానికి వాడే మినరల్ ఆయిల్ పల్చగా పూసి ఉంచుతున్నాను. వాడిన ప్రతిసారీ కడిగి, వెంటనే తుడవడం. బ్లేడు మీద మాంసం తగిలినచోట నీలం బూడిదరంగు కలిసిన మరక కడుతోంది. దాన్ని తీయను, అది ఎర్రతుప్పుకి అడ్డం. నల్లగీత ఆ మరకలో ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. తోలు ఒరలో పెట్టలేదు, తోలు తడి పట్టుకుంటుంది.

నాలుగో పిన్ను పక్కన ఆవగింజంత నారింజ చుక్క ఒకసారి తేలింది. సూదిమొనతో నూనె పెట్టాను, ఆరు రోజులైంది, తిరిగి రాలేదు. మొన దగ్గర కుడివైపుకి 2 మి.మీ. వంపు మొదటినుంచీ ఉంది. గట్టిపరిచిన ఉక్కుని చల్లగా ఉండగా వంచితే విరగొచ్చు, దాన్ని సరిచేయట్లేదు. అతికిన పక్కచెక్క చీలిక 62 మి.మీ. దగ్గరే ఆగి ఉంది, నెలకోసారి స్కేలు పెట్టి చూస్తాను.

మొత్తం: 23.5 గంటలు, 12 ఎమెరీ కాగితాలు, 110 గ్రాముల నిమ్మ ఉప్పు, ఐదు పిన్నులు.